కార్డు మీద ‘డైడ్’ రాయాలా, ‘ఫెల్ అస్లీప్’ రాయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తాతగారు పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కార్డు వేయిస్తున్నారు. ‘డైడ్’ అంటే మొరటుగా ఉందని మీ అత్తయ్య, ‘పాస్డ్ అవే’ అంటే సినిమా డైలాగులా ఉందని మీ అన్నయ్య, ‘ఫెల్ అస్లీప్ ఇన్ ద లార్డ్’ అనే వేయాలని పాస్టరుగారు. అమెరికాలో ఉన్న బాబాయి ఫోన్ చేసి ‘కాఫిన్’ కాదు, ‘కాస్కెట్’ అనాలి అన్నారట. వీటిలో ఏది పాతది, ఏది మర్యాద, ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి అని అడిగారు.

నేను ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పాను. అందులో ఎక్కువ కాలం చెప్పింది ఆ భాష చరిత్రే. మా సంఘంలో ఎవరింట్లో కార్డు వేయించినా ప్రూఫు చూడమని నా దగ్గరికే తెస్తారు. కాబట్టి ఈ తగువు నాకు కొత్తేమీ కాదు. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ‘డై’ సంగతి. మీ అత్తయ్యగారు దాన్ని మొరటు మాట అంటున్నారు గానీ, అసలది ఇంగ్లీషుకి సొంత మాటే కాదు. ‘డెత్’, ‘డెడ్’ రెండూ సొంతవే. చనిపోవడం అనే క్రియకు మాత్రం పాత ఇంగ్లీషులో ‘స్టెయోర్ఫన్’, ‘స్వెల్టన్’ అని వేరే మాటలుండేవి. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో ఉత్తరానా తూర్పునా దిగి స్థిరపడిన డేన్ల (డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవాళ్ళ) భాషలో ‘డేయా’ అనే మాట ఉంది. ‘డై’ అక్కడి నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు అంటారు. రాతలో అది 1200 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. అది వచ్చి కూర్చున్నాక పాత మాటలకు పని లేకుండా పోయింది. పని పోయిన మాటలు ఏం చేశాయంటే, వేరే పని చూసుకున్నాయి. ‘స్టెయోర్ఫన్’ కాస్తా ‘స్టార్వ్’ అయింది. మొదట ఏ చావైనా స్టార్వే. తర్వాత ఆకలి చావు మాత్రమే. ఇప్పుడు భోజనం అరగంట ఆలస్యమైతే పిల్లలు ‘ఐ యామ్ స్టార్వింగ్’ అంటున్నారు. ఉత్తర ఇంగ్లండ్ పల్లెల్లో అదే మాట చలికి గడ్డకట్టడం అనే అర్థానికి తిరిగింది. జర్మన్‌లో దాని అక్క ‘ష్టెర్బెన్’ ఇప్పటికీ చావడమే. ఇక ‘స్వెల్టన్’ నుంచి వచ్చింది ‘స్వెల్టర్’, అంటే ఉక్కపోతకు అల్లాడిపోవడం. చావు నుంచి ఉక్కపోతకు అర్థం ఎలా వెళ్ళిందో మే నెలలో రెంటచింతల వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

పని పోయిన మాట వేరే పని చూసుకోవడం అన్నానే, దాన్ని గుర్తుపెట్టుకోండి. కింద మళ్ళీ వస్తుంది.

ఇలాంటిదే ‘క్విక్’. దానికి మొదటి అర్థం వేగం కాదు, ప్రాణంతో ఉన్నది అని. మనం విశ్వాస ప్రమాణంలో ‘సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు’ అంటామే, అక్కడ ఇంగ్లండ్ చర్చి పాత ప్రార్థన పుస్తకంలో ‘క్విక్ అండ్ ద డెడ్’ అని ఉంటుంది. గోరు కింద తాకితే ప్రాణం జివ్వుమనే మెత్తని భాగాన్ని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ క్విక్ అనే అంటారు. పాదరసం ‘క్విక్‌సిల్వర్’, అంటే ప్రాణమున్న వెండి.

ఇప్పుడు మీ పాస్టరుగారి మాట. వయసులో ఆయన మాటే అన్నిటికన్నా పెద్దది. కొత్త నిబంధన గ్రీకులో చనిపోయిన విశ్వాసుల గురించి నిద్రించారు అనే క్రియ చాలా చోట్ల వస్తుంది. రాళ్ళ దెబ్బలు తిన్న స్తెఫను నిద్రించాడు అనే రాశారు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలోనూ నిద్రించుచున్న వారే. ఆ గ్రీకు క్రియకు సంబంధించిందే ‘కొయిమెటేరియోన్’, అంటే పడుకునే చోటు. దాన్ని సమాధుల స్థలానికి వాడడం క్రైస్తవులు అలవాటు చేశారు. లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది ‘సెమెట్రీ’ అయింది. అంటే మన ఊళ్ళో గేటు మీద రాసి ఉండే సెమెట్రీకి అక్షరాలా పడకల ఇల్లు అని అర్థం. ‘ప్రభువునందు నిద్రించారు’ అని తెలుగులో మనం రాసుకునేదీ, ఆ గేటు మీద మాటా ఒకే తల్లి బిడ్డలు.

‘పాస్డ్ అవే’ని మీ అన్నయ్యగారు తేలిగ్గా తీసేశారు గానీ అది కూడా నిన్నమొన్నటిది కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘పాస్’ 14వ శతాబ్దం నాటికే చావుకు వాడుకలో ఉంది. ఆ కాలం వాళ్ళకు అది ముద్దుగా దాచి చెప్పడం కాదు. ఆత్మ ఇక్కడి నుంచి లేచి అక్కడికి ప్రయాణమైంది అని నిజంగానే నమ్మి అన్న మాట. ప్రాణం పోతుండగా చర్చి గంట కొట్టాలని 1604 నాటి ఇంగ్లండ్ చర్చి నియమాల్లో ఉంది. ఆ గంట పేరు ‘పాసింగ్ బెల్’. పోయాక కొట్టే గంట కాదు, పోతున్న మనిషి కోసం విన్నవాళ్ళు ప్రార్థించాలని కొట్టేది. ‘డిసీస్’ (జబ్బు అనే ‘డిసీజ్’ కాదు, మరణం అనే మాట) లాటిన్‌లో వెళ్ళిపోవడమే. మృతి అనే మాట నోట రాకుండా రోమన్లు వాడిన మర్యాద అది. మనం ‘పోయారు’ అంటాం కదా, అదే లెక్క. ‘డిమైజ్’ మాత్రం కోర్టు పక్షి. ఆస్తి హక్కు ఒకరి నుంచి ఒకరికి మారడాన్ని అలా అనేవారు. రాజు పోతే కిరీటం మారుతుంది కాబట్టి మెల్లగా రాజు చావుకు, ఆపైన అందరి చావుకు అంటుకుంది.

మన దేశంలో మాత్రమే బాగా వినిపించే ‘లెఫ్ట్ ఫర్ హెవెన్లీ అబోడ్’ కూడా ఈ ప్రయాణం కుటుంబమే. మా అమ్మగారి కార్డులో అది వేయించాలని మా తమ్ముడు పట్టుబట్టాడు. ప్రెస్సు అతను ‘అబోడ్’ను ‘అడోబ్’ చేసి మూడు వందల కాపీలు కొట్టేశాడు. కంప్యూటర్ కంపెనీకి ఉద్యోగానికి వెళ్ళినట్టుంది ఆవిడ అని మా మేనమామ ఇప్పటికీ అంటాడు. అప్పటి నుంచే నేను ప్రూఫులు చూడడం మొదలుపెట్టాను.

అసలు రుచి ఉన్న భాగం ఇక్కడి నుంచి. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో మనిషి పోతే, సమాధి చేసే ముందు రోజు సాయంత్రం ఒక లాటిన్ ప్రార్థన, మర్నాడు తెల్లవారకముందే ఇంకొకటి, ఆ తర్వాత పూజ, ఇలా వరుసగా జరిగేవి. జనానికి లాటిన్ రాదు. మొదట వినబడ్డ మాటే ఆ ప్రార్థనకు పేరైపోయింది. మనం పిల్లల్ని ‘పరలోకమందున్న చెప్పు’ అనడం లేదూ, అలాగే. తెల్లవారుజాము ప్రార్థన ‘దిరిగే’ అనే మాటతో మొదలవుతుంది. 5వ కీర్తన 8వ వచనం, నన్ను నడిపించు అని దేవుణ్ణి అడగడం. ఆ ‘దిరిగే’ అరిగి అరిగి ‘డర్జ్’ అయింది. ఇప్పుడు దాని అర్థం శోకగీతం. పూజ ‘రెక్వియెమ్’, అంటే విశ్రాంతి, అనే మాటతో మొదలవుతుంది, అది ఆ పూజకే పేరైంది.

సాయంత్రం ప్రార్థనలో మొదటి మాట ఏమిటో తెలుసా? ‘ప్లాసెబో’. కొవిడ్ టీకాల పరీక్షలప్పుడు పేపర్లో రోజూ చదివిన ప్లాసిబోనే. లాటిన్‌లో సంతోషపెడతాను అని అర్థం. 116వ కీర్తన 9వ వచనం, సజీవుల దేశంలో ప్రభువును సంతోషపెడతాను అని. మన తెలుగు బైబిల్లో వెతికితే ఈ సంతోషపెట్టడం దొరకదు. హీబ్రూలో ఉన్నది ఆయన సన్నిధిలో నడుచుకుంటాను అని. గ్రీకు అనువాదంలో అది సంతోషపెట్టడంగా మారింది, లాటిన్ దాన్నే పట్టుకుంది. అలా మారకపోయి ఉంటే ఇవాళ డాక్టర్ల నోట ఆ మాటే ఉండేది కాదు.

మరి శవం దగ్గరి పాట మందుబిళ్ళ ఎలా అయింది? పెద్దవాళ్ళ చావు ప్రార్థనకు వెళితే డబ్బో భోజనమో దొరికేది. అందుకోసం చుట్టం కానివాళ్ళూ చేరి ప్లాసెబో పాడేవారు. దాంతో ‘ప్లాసెబో పాడడం’ అంటే ముఖస్తుతి చేయడం అని అర్థం వచ్చింది. మన తానా అంటే తందానా బాపతు. 14వ శతాబ్దపు కవి చాసర్ తన కథలో ఒక భజనపరుడికి ప్లాసెబో అనే పేరు పెట్టాడు. 18వ శతాబ్దం చివరికి వైద్య నిఘంటువుల్లోకి ఎక్కింది. రోగం తగ్గించడానికి కాకుండా రోగిని సంతోషపెట్టడానికి ఇచ్చే మందు అని.

‘హెర్స్’ కథ ఇంకా దూరం నుంచి వస్తుంది. మనం శవవాహనం అంటున్నామే, అది. ప్రాచీన ఇటలీలో ఒక తెగ భాషలో ‘హిర్పుస్’ అంటే తోడేలు. తోడేలు పళ్ళలా ఉంటాయని లాటిన్‌లో పళ్ళ గుంటకకు ‘హిర్పెక్స్’ అని పేరు వచ్చింది. ఫ్రెంచిలో అది ‘హెర్స్’. చర్చిలో కొవ్వొత్తులు గుచ్చే మూడుమూలల ఇనుప చట్రం చూడ్డానికి తిరగేసిన గుంటకలా ఉంటుంది, కాబట్టి అదీ హెర్సే. శవపేటిక మీద కొవ్వొత్తుల కోసం కట్టే పందిరిలాంటి చట్రం కూడా హెర్స్. చివరికి 17వ శతాబ్దంలో శవాన్ని మోసే బండి హెర్స్ అయింది. ఇంకో చిన్న సంగతి, దున్నిన చేలో గుంటక మళ్ళీ మళ్ళీ తోలడం ‘రిహెర్స్’. మన నాటకాల రిహార్సల్ అదే.

‘బీడ్’ అంటే ఇప్పుడు పూస. పాత ఇంగ్లీషులో అది ప్రార్థన. జపమాలలో ఒక్కో ప్రార్థనకు ఒక్కో పూస జరుపుతారు కాబట్టి ప్రార్థన లెక్కపెట్టడం కాస్తా పూస లెక్కపెట్టడం అయింది. ఊరి చర్చిలో ‘బీడ్ రోల్’ అని ఒక జాబితా ఉండేది. ఏటా ఆ పేర్లు పైకి చదివి వాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించేవారు. అందులో పేరు ఉండాలని బతికుండగానే డబ్బులు కట్టుకునేవారు. ఉన్నవాళ్ళు ‘చాంట్రీ’లు పెట్టేవారు, అంటే తమ ఆత్మ కోసం రోజూ పూజ పాడడానికి ఒక ఫాదరుకు జీతం వచ్చేలా భూములు రాసివ్వడం.

ఇదంతా ఎందుకంటే, చనిపోయినవాళ్ళకు బతికున్నవాళ్ళ ప్రార్థన మేలు చేస్తుందన్న నమ్మకం. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ ప్రొటెస్టెంటు బాట పట్టగానే ఆ నమ్మకమే తప్పన్నారు. 1547లో ఆరవ ఎడ్వర్డ్ కాలంలో చట్టం చేసి చాంట్రీలు మూసేశారు, ఆస్తులు రాజుకు పోయాయి. బీడ్ రోల్ చదవడం ఆగింది. ప్లాసెబో, దిరిగే పాడడం ఆగింది. నా దృష్టిలో ఇంగ్లీష్ చావు మాటల చరిత్రలో పెద్ద మలుపు ఇదే. ఆచారం ఒక్క తరంలో పోయింది, దాని మాటలు మాత్రం యజమాని పోయిన ఇంట్లో పనివాళ్ళలా మిగిలాయి. ఒకటి పూసల దుకాణంలో చేరింది, ఒకటి మందుల షాపులో, ఒకటి బండికి పేరై వీధిలో తిరుగుతోంది.

అదే కాలంలో జరిగిన ఇంకో చిన్న మార్పు చెబుతాను. నాకు క్లాసులో చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పట్టేసేది. 1549 ప్రార్థన పుస్తకంలో సమాధి దగ్గర ఫాదరు చనిపోయిన మనిషితోనే మాట్లాడతాడు. నీ ఆత్మను తండ్రికి, నీ శరీరాన్ని మట్టికి అప్పగిస్తున్నాను అని. మూడేళ్ళకు, 1552లో, పుస్తకం తిరగరాశారు. అందులో ‘నీ’ పోయి ‘అతని’ వచ్చింది. ఫాదరు చుట్టూ నిలబడ్డవాళ్ళతో మాట్లాడుతున్నాడు, గోతిలో ఉన్న మనిషితో కాదు. ఒక్క సర్వనామం మార్చి, పోయినవాళ్ళతో మాటలు ఆపేశారు. మనం ఇక్కడ చదివే ‘మన్నుకు మన్ను, బూడిదకు బూడిద, ధూళికి ధూళి’ కూడా ఆ పుస్తకం వరసే. చాలామంది అది బైబిల్ వచనం అనుకుంటారు. బైబిల్లో ఉన్నది ఆదికాండం 3:19, మన్నే గనుక తిరిగి మన్నైపోదువు అని. బూడిద వరస పుస్తకం కూర్చినవాళ్ళది.

‘ఆర్.ఐ.పి.’ గొడవ కూడా ఇదే. లాటిన్‌లో ‘రెక్వియెస్కాట్ ఇన్ పాచే’, శాంతితో విశ్రమించుగాక. ఇంగ్లీషులో ‘రెస్ట్ ఇన్ పీస్’ అన్నా పొడి అక్షరాలు అవే రావడం అదృష్టం. అది చనిపోయినవారి కోసం ప్రార్థన కాబట్టి వాడొద్దని 2017లో కూడా ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ ఆర్డర్‌లో మాట వచ్చింది. మనవాళ్ళు వాట్సాప్‌లో మూడక్షరాలు కొట్టి పంపేస్తారు, ఏ సంఘమని చూడరు. మీ పాస్టరుగారికి అభ్యంతరం ఉండొచ్చు, ఒకసారి అడగండి.

జ్ఞాపకం విషయానికొస్తే, ‘రిమెంబ్రెన్స్’, ‘మెమోరియల్’ రెండూ ఫ్రెంచి, లాటిన్ల నుంచి వచ్చినవి. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళ సొంత మాట ‘మైండ్’. పాత రూపం ‘గెమ్యుండ్’, అర్థం జ్ఞాపకం. ఐర్లండ్ పేపర్లలో ఇవాళ్టికీ ‘మంత్స్ మైండ్’ అనే ప్రకటనలు పడతాయి. పోయి నెల రోజులైన సందర్భంగా చేసే పూజ. మన నెల మాసికం వంటిదే అనుకోండి. ఏడాదికి చేసేది ‘ఇయర్స్ మైండ్’. మీ కార్డుకు అసలు సిసలు పాత పేరు అదే గానీ, వేస్తే మన ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. అందరినీ కలిపి తలుచుకునే రోజు నవంబర్ 2. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో 10వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టింది. మన కతోలిక సోదరుల సమాధుల పండుగ అదే. ముందు రోజు సకల పరిశుద్ధుల పండుగ. పాత ఇంగ్లీషులో పరిశుద్ధులు ‘హాలో’లు, వాళ్ళ పండుగకు ముందు సాయంత్రం ‘హాలోవీన్’. హైదరాబాద్ పబ్బుల్లో దెయ్యం మాస్కులు వేసుకునే పిల్లలకు చెబితే నమ్మరు.

మీరు అడగలేదు గానీ ‘మార్చురీ’ చెప్పకుండా ఉండలేను. ఆసుపత్రి మార్చురీ తెలియని వాడు మన దగ్గర లేడు. ఆ మాటకు మొదటి అర్థం గది కాదు, రుసుము. మనిషి పోతే అతని వస్తువుల్లో మంచిదొకటి ఊరి ఫాదరుకు ఇవ్వాలి, దాని పేరు మార్చువరీ. 1511లో లండన్‌లో రిచర్డ్ హన్ అనే బట్టల వర్తకుడి పసిబిడ్డ చనిపోయాడు. బాప్తిస్మం నాడు చుట్టిన గుడ్డను ఫాదరు మార్చువరీగా అడిగాడు. హన్ ఇవ్వనన్నాడు. వ్యవహారం కోర్టులకెక్కింది, తర్వాత అతని మీద మతద్రోహం మోపారు. 1514 డిసెంబర్‌లో బిషప్ చెరలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. విచారించిన జ్యూరీ అది హత్యే అని తేల్చింది. లండన్ జనం ఆ కోపాన్ని చాలాకాలం మరచిపోలేదు. 1529లో పార్లమెంటు ఆ రుసుముకు పరిమితి పెట్టింది. రుసుము పోయాక ఈ మాటా ఖాళీ అయింది. 19వ శతాబ్దంలో శవాలు ఉంచే గదికి పేరు కావలసి వచ్చినప్పుడు దీన్ని తెచ్చి పెట్టారు.

ఇక బాబాయిగారి కాస్కెట్. ‘కాఫిన్’ గ్రీకులో ‘కోఫినోస్’, అంటే గంప. అయిదు రొట్టెలతో అయిదువేల మందికి పెట్టాక ముక్కలు పన్నెండు గంపలకు ఎత్తారే, సువార్తలో ఆ గంపలు కోఫినోసులే. ఇంగ్లీషులో అది కొన్నాళ్ళు బుట్ట, కొన్నాళ్ళు పెట్టె, కొన్నాళ్ళు మాంసం పెట్టి కాల్చే పిండి డొప్ప. షేక్‌స్పియర్ ఒక నాటకంలో ఆ డొప్ప అర్థాన్నీ శవపేటిక అర్థాన్నీ కలిపి భయంకరంగా వాడుకున్నాడు. శవానికి అంటుకున్నది 16వ శతాబ్దంలో. ‘కాస్కెట్’ నగల భరిణె. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా వ్యాపారులు మర్యాదగా ఉంటుందని తెచ్చారు. 1863లోనే అమెరికా నవలాకారుడు నథానియల్ హాథార్న్ అదేం పాడు మాట అని విసుక్కున్నాడు. ఇప్పుడైతే అక్కడ తేడా ఉంది. భుజాల దగ్గర వెడల్పై ఆరు పలకలుగా ఉంటే కాఫిన్, నలుచదరంగా ఉంటే కాస్కెట్. బాబాయిగారు వాళ్ళ ఊరికి కరెక్టే. ఏడాది కార్డులో పెట్టె ప్రస్తావన ఎందుకో మాత్రం నాకు బోధపడలేదు.

కార్డు గురించి రెండు మాటలు. ‘లేట్ శ్రీ ఫలానావారు డైడ్ ఆన్’ అని మాత్రం వేయించకండి. నాకు వచ్చే ప్రూఫుల్లో సగానికి ఇదే తప్పు. ‘లేట్’ అంటే ఈమధ్య దాకా ఉన్నవారు, ఇప్పుడు లేరు అని. కీర్తిశేషులైనవారు మళ్ళీ చనిపోరు కదా. ‘ఇన్ లవింగ్ మెమరీ ఆఫ్’ అని పేరు వేసి, కింద ‘ఫెల్ అస్లీప్ ఇన్ ద లార్డ్’ అని తేదీ వేయండి. పాస్టరుగారి మాట నెగ్గిందని కాదు. పక్కనే తెలుగులో ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఉంటుంది, రెండూ ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయి. ‘డైడ్’ వేసినా తప్పు లేదు, అత్తయ్యగారికి చెప్పండి.

పైన వచనం ‘యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది’ అనుకుంటున్నామన్నారు. మంచిదే, మన కార్డుల్లో తరచూ ఉండేదే. 116వ కీర్తన 15వ వచనం. ప్లాసెబో ఉన్నది ఆ కీర్తనలోనే, ఆరు వచనాలు పైన. ప్రూఫు వచ్చాక ఒకసారి నాకు పంపండి, ‘అబోడ్’ ఎక్కడైనా దూరిందేమో చూస్తాను.